గుమ్మం ముందు తొమ్మిది జతలు

గుమ్మం ముందున్న చెప్పులను చూసి ఇంట్లో ఎందరున్నారో గ్రహించడం లోయిస్ హాలరన్‌కు నేర్పింది గిరిజే.

అది 2006 జూన్‌లో. కొలరాడోలోని ఆ లోయను మూడు తరాలపాటు పశువుల మేతకు వాడుకున్న కుటుంబంలో అక్కడ మిగిలిన చివరి మనిషి లోయిస్. పడమటి కొండ మీద స్కీ రిసార్ట్ వెలిసి, నేల ధరకు గడ్డితో సంబంధం తెగిపోయాక, ఆమె అన్నదమ్ములు తమ వాటాలు అమ్ముకుని వెళ్ళిపోయారు. లోయిస్ మాత్రం తాతగారి చెక్క ఇంటినీ, దాని చుట్టూ కొద్దిపాటి పచ్చికనూ, రెండు గుర్రాలనూ ఉంచుకుంది. మిగిలిన భూమి ముప్ఫై అయిదేసి ఎకరాల ముక్కలైంది. ముక్కకొక ఇల్లు, మొత్తం ఇరవై నాలుగు. కాలనీ ముఖద్వారం దగ్గర పాత ఇనుప కమానునూ, దాని మీది హాలరన్ రాంచ్ అన్న పేరునూ అలాగే ఉంచారు. ఆవులు మాత్రం లేవు.

అరవై దాటిన లోయిస్ ఊరి వాలంటీర్ ఫైర్ దళంలో పనిచేసేది. వేసవి ముదరక ముందే ఇంటింటికీ తిరిగి, గోడల పక్క ఎండుగడ్డి కోయించారో లేదో చూసేది. ఆ రోజు గిరిజ ఇంటికి వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు కనబడగానే తన బూట్లు కూడా విప్పింది.

“ఇంట్లో ఎంతమంది ఉంటారు? మంట అంటూ వస్తే నాకు తెలియాలి.”

“ఇద్దరమే. కానీ చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు. మా ఇళ్ళల్లో అడగక్కర్లేదండీ, గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టుకుంటే చాలు. చెప్పులున్నాయంటే మనుషులు లోపల ఉన్నట్టే.”

లోయిస్ నవ్వింది. “మా నాన్న గేటు దగ్గర నిలబడి ఆవులను లెక్కపెట్టేవాడు. ఒక్కటీ కుదురుగా ఉండేది కాదు. మీది నయం.”

ఆ మాట గిరిజకు నచ్చింది. ఆ కాలనీలో ఆమెను నవ్వుతూ పలకరించే మనిషి లోయిస్ ఒక్కతే. తక్కినవారు చెడ్డవారని కాదు, కనబడరు. ఒక ఇంటి నుంచి మరొక ఇల్లు కనబడకూడదన్నది అక్కడి నియమం. గోడలకు మట్టి రంగే వేయాలి, పైకప్పు మెరవకూడదు, ఆరుబయట దీపం వెలగకూడదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తన కంపెనీని అమ్మేసిన ఏడాది గిరిజ భర్త విశ్వనాథం ఈ స్థలం చూపించి, “పాతికేళ్ళు జనంలో నలిగాం గిరిజా, ఇక చాలు” అన్నాడు. ఆమె కాదనలేదు. అక్కడ అమ్మకానికి పెట్టిన సరుకు పక్కవాళ్ళు లేకపోవడమేనని ఆమెకు తర్వాత అర్థమైంది. కొన్నాక అది ప్రతి కిటికీలోనూ కనబడింది. భర్త ఊరెళ్ళిన రోజుల్లో ఆమె మూడు గదుల్లో లైట్లు వేసి ఉంచేది. టీవీకి తనతో మాట్లాడే పని అప్పగించేది.

అంతకుముందు చలికాలంలో కాలనీ అసోసియేషన్ సమావేశం జరిగింది. వాగు పక్కన సెల్ టవర్ పెట్టనివ్వాలా వద్దా అన్నది ఆనాటి ప్రశ్న. లోయిస్ లేచి, “ఆ పల్లంలో మా రేడియోలు కూడా పలకవు. ఫోనైనా పలికితే మంచిది” అంది. దృశ్యం పాడవుతుందని ఎవరో అన్నారు. వద్దనేవారు చేతులెత్తండి అన్నప్పుడు విశ్వనాథం చెయ్యి లేచింది. కావాలనేవారిని అడిగినప్పుడూ గిరిజ అతని పక్కనే కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. టవర్ రాలేదు. ఇళ్ళల్లో తీగ ఫోన్లే మిగిలాయి.

ఆగస్టులో విశ్వనాథం చెల్లెలు ఉషా, ఆమె భర్త జగన్మోహన్, పద్నాలుగేళ్ళ కూతురు దేదీప్య టెక్సస్‌లోని ప్లేనో నుంచి వచ్చారు. ఇల్లు మనుషులతో నిండింది. గిరిజకు నిద్ర పట్టింది. వచ్చిన సాయంత్రమే అందరూ చెప్పులు మెట్ల దగ్గర వదిలేసి, పచ్చికలో నడుచుకుంటూ వాగులోకి దిగారు. గుర్రం మీద అటుగా పోతున్న లోయిస్ ఆగి చూసింది.

“మంచు కరిగిన నీళ్ళవి! వేళ్ళు ఊడిపోతాయి!” అని అరిచింది.

“ప్లేనోలో నూట అయిదు డిగ్రీలండీ, ఊడిపోయినా పర్లేదు!” అని జగన్మోహన్ ఇంగ్లీషులో తిరిగి అరిచాడు. ఆమె టోపీ ఎత్తి వెళ్ళిపోయింది.

మర్నాడు రిసార్ట్‌కు బయలుదేరారు. వేసవిలో అక్కడ మంచు లేకపోయినా గొండోలా నడుస్తుంది. తీగకు వేలాడే గాజు పెట్టెలో కూర్చుని కొండ శిఖరం దాకా పోవచ్చు. కాలనీ వ్యాన్ వచ్చి తీసుకువెళ్తుంది కనుక కార్లు ఇంటి ముందే ఉన్నాయి. శిఖరం మీద నడవాలని అందరూ కొత్త బూట్లు వేసుకున్నారు.

“వదినా, ఈ చెప్పులన్నీ లోపల పడేయనా?” అంది ఉషా.

“ఉండనీవోయ్” అన్నాడు జగన్మోహన్. “ఇన్ని చెప్పులు చూస్తే దొంగవెధవ లోపల పెళ్ళిచూపులు జరుగుతున్నాయనుకుని దణ్ణం పెట్టి పోతాడు.”

“డాడ్, ఇక్కడ దొంగలు రారు. గేట్ కోడ్ వాళ్ళకి తెలీదు కదా” అంది దేదీప్య.

అందరూ నవ్వారు. గిరిజ కూడా నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి, గ్యారేజీలో మూల పడి ఉన్న పాత జతలు మూడు తెచ్చింది. దేదీప్యవి రెండుతో కలిపి మెట్ల దగ్గరున్న ఆరు జతల పక్కన వాటిని, ఇప్పుడే ఎవరో విడిచినట్టు, కాస్త వంకరగా పెట్టింది. ఖాళీ ఇల్లు ఖాళీగా కనబడడం ఆమెకు మొదటి నుంచీ భయం. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు నిజంగానే నిండుగా ఉంది.

“వదిన డెకరేషన్ చూశారా!” అంది ఉషా. వ్యాన్ హారన్ కొట్టింది.

శిఖరం మీద టీ తాగుతుండగా తూర్పున, తమ లోయకు ఆవలి కొండ మీద, పొగ లేచింది. గిరిజ వాల్తేరులో ఫిలాసఫీ ఎమ్మే చదివింది. ‘కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉంది కనుక’ అన్నది తర్కం క్లాసులో మొదటి ఉదాహరణ. మధ్యాహ్నపు ఉక్కలో సగం మంది నిద్రపోతూ విన్న వాక్యం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది. ఆ రెంటికీ ఉన్న విడదీయరాని సంబంధమే తెలియనిదాన్ని తెలుసుకోవడానికి ఆధారం. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ కొండా, ఆ పొగా నిజంగా ఆమె ఎదుట ఉన్నాయి. పొగ అడుగున ఎర్రని గీత కనబడింది. ఇక ఊహించి తెలుసుకోవలసిన పని లేదు.

గాలి వాళ్ళ వీపుల మీదకు కాక, ముఖాల మీదకు కొడుతోంది. అంటే మంట ఆవలి కొండ దిగి లోయలోకి వస్తోంది.

గొండోలా వాళ్ళు అందరినీ కిందికి దింపారు. రిసార్ట్ లాడ్జిలో షెరిఫ్ ఆఫీసు యువతి ఒక బల్ల వేసుకుని, ఖాళీ చేయించిన ఇళ్ళ వాళ్ళు క్షేమంగా చేరారో లేదో కనుక్కుంటోంది. పక్కన రేడియో గరగరలాడుతోంది.

“హాలరన్ రాంచ్, పదిహేడో నంబర్ ఇల్లు” అన్నాడు విశ్వనాథం. “అయిదుగురం. అందరం ఇక్కడే ఉన్నాం.”

యువతి తలెత్తింది. “పదిహేడా? ఆ ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారని చెప్పారే.”

“ఎవరు చెప్పారు?”

“ఖాళీ చేయించడానికి వెళ్ళిన మా వాలంటీర్. మొదటిసారి తొమ్మిది మంది ఉన్నారు, పిలిస్తే పలకడం లేదు, తలుపు పగలగొడుతున్నాను అంది. తర్వాత, లోపల లేరు, వీళ్ళు చెప్పుల్లేకుండా వాగులో దిగడం నిన్న చూశాను, అక్కడే ఉంటారు, వెళ్తున్నాను అంది. ఆ తర్వాత రేడియో పలకలేదు.”

గిరిజ బల్ల అంచు పట్టుకుంది. “లోయిస్” అంది.

“అవును. మీకు తెలుసా?”

“ఆమెను వెనక్కి పిలవండి. అక్కడ ఎవరూ లేరు. అవి ఉత్త చెప్పులు.”

“ఏంటండీ?”

“చెప్పులు! మనుషులు కారు. తొమ్మిది జతలు... ఆమె చెప్పులు చూసి...” గిరిజకు ఇంగ్లీషు తడబడింది. పాతికేళ్ళుగా ఆ భాషలో ఆమె బతికింది. చెప్పవలసినది మాత్రం అందులో చెబితే పిచ్చిమాటలా వినబడుతోంది.

యువతి రేడియోలో పిలిచింది. మళ్ళీ పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. “ఒక బండిని పంపారు. పొగ వల్ల కమాను దగ్గర నుంచే వెనక్కి వచ్చేసింది” అని నెమ్మదిగా చెప్పింది. “ఆ పల్లంలో సిగ్నల్ ఉండదు.”

విశ్వనాథం తన సెల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆ టవర్...” అన్నాడు. గిరిజ అతని వైపు చూడలేదు. చెయ్యి ఎత్తినవాడు అతను. ఎత్తకుండా కూర్చున్న చేతులు ఎవరివో ఆమెకు తెలుసు.

“ఏమండీ, మన ఇంటికి ఫోన్ చేస్తాను” అంది.

“ఇంట్లో ఎవరున్నారు గిరిజా తీయడానికి?”

“ఎవరూ లేరనేగా చెప్పాల్సింది.”

లాడ్జి కౌంటర్ మీది ఫోన్ అందుకుని ఆమె తన ఇంటి నంబర్ నొక్కింది. అవతల నాలుగుసార్లు మోగి, ఆన్సరింగ్ మెషీన్ పలికింది. ‘మేం ఇంట్లో లేం, సందేశం చెప్పండి’ అని విశ్వనాథం గొంతు. ఎంత మామూలుగా, ఎంత నిజంగా చెప్పాడు! ఆ మాట మెట్ల మీద నిలబడ్డ మనిషికి వినబడి ఉంటే చాలు కదా.

“లోయిస్, నేను గిరిజని. మేం రిసార్ట్‌లో ఉన్నాం. అందరం. మీరు వచ్చేయండి. వాగులో ఎవరూ లేరు. ప్లీజ్, వచ్చేయండి.” మెషీన్ కూతపెట్టి ఆగిపోయింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ నాలుగుసార్లు, మళ్ళీ విశ్వనాథం, మళ్ళీ ఆమె. వంటింట్లో బల్ల మీద తన గొంతు గట్టిగా పలుకుతూ ఉంటుంది. స్టవ్, ప్రొద్దున కడిగి బోర్లించిన గిన్నెలు, తెరిచి ఉన్న తలుపు వింటూ ఉంటాయి. తను భయపడిన ఖాళీ ఇంటితోనే ఇప్పుడు మాట్లాడుతోంది. ఆ ఇంటిని ఎవరికైనా చెప్పమని బతిమాలుతోంది. ఎన్నోసారికో ఆమె నోట తెలుగు వచ్చేసింది. “అక్కడెవరూ లేరమ్మా, వచ్చేయ్, నీకు దణ్ణం పెడతాను, వచ్చేయ్.”

“అత్తా, she won't understand” అంది దేదీప్య, ఏడుపు గొంతుతో. ఉషా కూతురిని దగ్గరకు లాక్కుంది.

చెప్పులున్నచోటల్లా మనుషులుంటారు. ఈ సూత్రాన్ని తనే ఇచ్చింది. తనే దాన్ని విరగ్గొట్టింది. పొగకు అబద్ధమాడడం రాదు. నిప్పు లేకుండా అది లేవదు. చెప్పులను మాత్రం గ్యారేజీ నుంచి తెచ్చి పెట్టవచ్చు. కాస్త వంకరగా, ఇప్పుడే విడిచినట్టు. లేని తొమ్మండుగురిని వెతుకుతూ ఒక మనిషి మంటకు ఎదురు నడుస్తోంది. ఆ తొమ్మండుగురిలో ముగ్గురిని గిరిజ తన చేతులతో చేసింది.

ఈసారి మెషీన్ పలకలేదు. నాలుగు మోతల తర్వాత అయిదోది మోగింది. ఆరోది మోగింది.

“కరెంటు పోయింది” అన్నాడు విశ్వనాథం. “మెషీన్ ఆగిపోయింది. మంట స్తంభాల దాకా వచ్చిందేమో.”

“ఫోన్ మోగుతోందిగా.”

“వంటింట్లోది తీగ ఫోన్. దానికి కరెంటు అక్కర్లేదు.”

గిరిజ పెట్టేయలేదు. మోగనిచ్చింది. ఇప్పుడు ఆపే మెషీన్ లేదు, ఎంతసేపైనా మోగుతుంది. తలుపు పగిలి ఉంది. ఆ మోత పచ్చిక దాటి వాగు దాకా వినబడుతుందా? గాలి ఇంటి నుంచి వాగుకేసి వీస్తే వినబడేది. వాగు నుంచి ఇంటికేసి వీస్తోంది. వెనక వరుసలో ఎవరో ఫోన్ కోసం నిలబడి ఉన్నారు. జగన్మోహన్ వాళ్ళకు ఏదో చెప్పి పంపేశాడు. జోకులు వేసే మనిషి ముఖం కిటికీ అద్దాల వెలుగులో గుర్తుపట్టలేనట్టు ఉంది.

“వదినా, కాస్త కూర్చో” అంది ఉషా.

“ఉండు ఉషా.”

మోత ఆగింది. తెగిపోయిందనుకుంది. తర్వాత దగ్గు వినబడింది.

“మీరెవరైనా సరే” అంది లోయిస్ గొంతు, “పిల్లలు ఎక్కడ ఉన్నారు?”

“ఇక్కడ! అందరం ఇక్కడ! రిసార్ట్‌లో. లోయిస్, ఎవరూ లేరు, ఎవరూ లేరు అక్కడ!”

అవతల మళ్ళీ దగ్గు వినబడింది.

“అందరూనా?”

“అందరం.”

“సరే” అంది లోయిస్. ఫోన్ పెట్టిన చప్పుడు కూడా రాలేదు, ఊరికే వదిలేసినట్టుంది. గిరిజ చెవి దగ్గర ఆ ఇల్లు కాసేపు అలాగే తెరుచుకుని ఉంది. దూరంగా ఏదో పటపటలాడింది. తర్వాత తీగ తెగింది.

లోయ నుంచి బయటికి ఉన్నది ఒకటే దారి. గిరిజ లాడ్జి బయట, ఆ దారి రిసార్ట్ పార్కింగ్‌లోకి తిరిగేచోట నిలబడింది. విశ్వనాథం వచ్చి పక్కన నిలబడ్డాడు. పొగలోంచి లైట్లు వేసుకుని వచ్చిన ప్రతి బండీ మొదట లోయిస్‌దే అయి, దగ్గరికి వచ్చాక మరొకరిదైంది. చివరికి వచ్చిన దానికి ఒకటే లైటు ఉంది.

లోయిస్ దిగింది. కనుబొమలు కాలి ముఖం బోసిగా ఉంది. కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుంది. గిరిజ ఆమెను పట్టుకోబోయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఆగిపోయింది. లోయిస్ ట్రక్కు వెనక భాగం తెరిచి, “నీ వాళ్ళవి” అంది. “కాళ్ళకేమీ లేకుండా ఉంటారు, కాలిన గడ్డి మీద పరుగెత్తలేరని వాగు దగ్గరికి పట్టుకెళ్ళాను. అక్కడ ఎవరూ లేక ఇంటివైపు తిరిగొస్తుంటే ఫోన్ వినబడింది.”

ట్రక్కులో చెప్పులు ఉన్నాయి. గిరిజ చూపు తనంతట తనే లెక్కపెట్టింది. ఆరు జతలు.

గిరిజ ఇల్లు నిలిచింది. రాతి గోడలు, మెరవని రేకు కప్పు, చుట్టూ కోయించిన గడ్డి. మంట దాని పక్కనుంచి పోయింది. లోయిస్ తాతగారి చెక్క ఇల్లు పునాదిరాళ్ళ దాకా కాలింది. ఇళ్ళు ఖాళీ చేయించడానికి బయలుదేరేటప్పుడే ఆమె గుర్రాలను వదిలేసింది కనుక అవి బతికాయి. పదిహేడో నంబర్ దగ్గర ఆ సమయం పోకుండా ఉంటే, ఆమె తిరిగి వెళ్ళి తన ఇంటి పైకప్పు తడపగలిగేదా? ఎవరూ చెప్పలేదు. గిరిజ ఎవరినీ అడగలేకపోయింది.

ఉషా వాళ్ళు ప్లేనో వెళ్ళిపోయారు. ఏదో ఒకటి కుదిరేదాకా లోయిస్ తమ ఇంట్లో ఉండాలని విశ్వనాథమే అడిగాడు. అడుగుతూ కళ్ళు దించుకున్నాడు. టవర్ సంగతి మళ్ళీ ఓటుకు పెట్టమని అసోసియేషన్‌కు చెప్పాడు కూడా. లోయిస్ వచ్చింది. మెట్ల దగ్గర తన బూట్లు విప్పి, గోడకు ఆనించి, వరసగా పెట్టింది.

అప్పటి నుంచి గిరిజకు కొత్త అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఎక్కడున్నా పనిమధ్యలో వచ్చి తలుపు తీసి చూసేది. బూట్లు ఉంటే లోయిస్ లోపల ఉన్నట్టు. లేకపోతే కొండకేసి చూసేది. గ్యారేజీ మూల వైపు మాత్రం చూసేది కాదు. పాత జతలు మూడింటినీ లోయిస్ వాగు దగ్గరికి తీసుకువెళ్ళలేదు. గిరిజ తిరిగి వచ్చేసరికి అవి మెట్ల దగ్గర పెట్టినచోటే, అదే వంకరతో, బూడిద కప్పుకుని ఉన్నాయి. ఎందుకు తీసుకువెళ్ళలేదో లోయిస్ చెప్పలేదు. భోజనాల దగ్గర ఆమె ఎప్పుడు నోరు తెరిచినా గిరిజ చేతిలో గరిటె ఆగిపోయేది.

సెప్టెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం బూట్లు మెట్ల దగ్గర ఉన్నాయి. లోయిస్ గదిలో లేదు. పిలిస్తే పలకలేదు. విశ్వనాథం ఊళ్ళోకి వెళ్ళాడు. గిరిజ ప్రతి గదీ చూసింది, చూసినవే మళ్ళీ చూసింది. ఇన్ని గదులు ఎందుకు కట్టించామా అనిపించింది. చివరికి బూట్లు చేతుల్లోకి తీసుకుంది. బరువుగా ఉన్నాయి. వాటితో నల్లని పచ్చిక దాటుకుంటూ వాగువైపు నడిచింది; నడక ఎక్కడో పరుగైంది.

లోయిస్ కాలిన పొదల మధ్య ఒక రాయి మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఉంది. గిరిజనూ, ఆమె చేతిలోని బూట్లనూ చూసింది.

“నాకోసమా?”

“గడ్డి మోళ్ళు గుచ్చుకుంటాయని” అంది గిరిజ, ఆయాసంతో.

“నిజమే, గుచ్చుకున్నాయి.” లోయిస్ పక్కకు జరిగి చోటిచ్చింది. గిరిజ కూర్చోలేదు.

“ఆ రోజు మూడు జతలు నేను కావాలని పెట్టాను. పాతవి. ఇంట్లో జనం ఉన్నారని అనుకోవాలని.”

“తెలుసు. చేతిలోకి తీసుకోబోతూ చూశాను. వాటిలో సాలెగూళ్ళున్నాయి.”

“మరి తెలిసాక కూడా ఎందుకు వెళ్ళారు?”

లోయిస్ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది.

“మిగతా ఆరు ఉన్నాయి కదా” అంది.

గిరిజ బూట్లను రాయి పక్కన పెట్టింది. తన చెప్పులు విప్పి వాటి పక్కన పెట్టి, కూర్చుని కాళ్ళు నీళ్ళలోకి దించింది. నీళ్ళు లోయిస్ ఆనాడు అరిచి చెప్పినంత చల్లగానే ఉన్నాయి. కొంతసేపటికి గాలి తిరిగింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి కొండవైపు చూశారు.